కోచ్ పేరు చెప్పేముందు

(హనుమకొండలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు సభ్యులు, అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, వేదిక మీద కుర్చీ దొరకక కింద కూర్చున్న ఇంకా పెద్దలకు, ఆట మానేసి ఇరవై ఏళ్లయినా జెర్సీ వేసుకుని వచ్చిన మిత్రులకు, గోడ మీద ఎక్కి కూర్చున్న పిల్లలకు నమస్కారం. సెక్రటరీ గారూ, ఆ శాలువా కాసేపు ఆపండి. నా మాటలు విన్నాక కప్పాలని మీకు అనిపిస్తుందో లేదో.

నాకిచ్చిన అంశం 'కొత్త కోచ్ ఎంపికలో పాటించవలసిన ప్రమాణాలు'. ఆహ్వాన పత్రిక మీద చక్కగా అచ్చు వేయించారు. కానీ ఎంపిక ఎప్పుడో అయిపోయింది కదండీ! కాజీపేట చౌరస్తాలో ఒక కోచ్‌ను వేశారు. నయీంనగర్‌లో ఇంకొకరిని వేశారు. అదాలత్ దగ్గర హోటల్లో అయితే పొద్దున ఒకరిని వేసి సాయంత్రానికి తీసేశారు కూడా. మొన్న చాయ్ తాగుదామని ఆగితే ఇద్దరు కుర్రాళ్లు గ్లాసులు పక్కన పెట్టి నన్ను నిలదీశారు. "తాతా, మీరు ఎవరి వైపు?" అని. చాయ్ చల్లారిపోయింది గానీ వాళ్లు నన్ను వదల్లేదు.

ఒక వర్గం హైదరాబాద్ నుంచి కోచింగ్ లైసెన్సు ఉన్నవాడిని తేవాలంటోంది. ఇంకొక వర్గం మన పాత సెంటర్ ఫార్వర్డ్ ఉన్నాడు, వాడికే ఇవ్వాలంటోంది. మూడో వర్గం కేరళ అంటోంది, కలకత్తా అంటోంది. డబ్బు ఎక్కడిదని అడిగితే మాత్రం ఆకాశం వైపు చూస్తోంది. లైసెన్సును నేను తక్కువ చేయడం లేదు. డి తర్వాత సి, ఆ పైన బి, ఎ, ప్రో. ఒక్కో మెట్టూ ఎక్కడానికి డబ్బు కావాలి, సెలవు కావాలి, చదువు కావాలి. ఎక్కినవాళ్లంటే నాకు గౌరవమే.

అయితే ఆ ఆహ్వాన పత్రికలో ఒక ప్రశ్న అచ్చు కాలేదు. ఉన్న కోచ్ ఎందుకు వెళ్లిపోయాడు?

వరుసగా ఓడిపోయాం కాబట్టి వెళ్లాడని చెప్పుకుంటున్నారు. నేను ఆ రోజు మైదానంలో సబ్‌స్టిట్యూట్ల బెంచీకి ఆనుకునే కూర్చున్నాను. మంచిర్యాల జట్టుతో మ్యాచ్. హాఫ్ టైం. మనం ఒక గోల్ వెనకబడి ఉన్నాం. పిల్లలు నీళ్లు తాగుతున్నారు. కోచ్ మట్టిలో పుల్లతో గీసి ఎడమ బ్యాక్‌కు ఏదో చూపిస్తున్నాడు. అప్పుడు ఒక కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చి చీటీ ఇచ్చాడు. మందుల దుకాణం బిల్లు అది. వెనక వైపు బాల్ పెన్నుతో 'తొమ్మిదిని తీయండి, పద్నాలుగును దింపండి' అని రాసి ఉంది. ఎవరు పంపారో నేను చెప్పను. పంపినవారికి తెలుసు, పద్నాలుగో నంబరు ఎవరి మేనల్లుడో మీకందరికీ తెలుసు. కోచ్ ఆ చీటీ చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నాడు. తొమ్మిదిని తీయలేదు. మ్యాచ్ ఓడిపోయాం. సాయంత్రం స్టోర్ రూం తాళంచెవి, విజిల్ రెండూ తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇదీ జరిగింది. నవ్వకండి, నవ్వేవాళ్లలో కూడా చీటీలు రాసినవాళ్లున్నారు.

ఇక్కడ రహీం సాబ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. సెక్రటరీ గారు గడియారం చూస్తున్నారు. చూడనివ్వండి. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ గురించి మాట్లాడి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఎత్తకపోతే నేను రాత్రి నిద్రపోలేను.

ఆయన బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రోజుల్లో దేశంలోని పెద్ద టోర్నీల్లో అదొకటి. భారత జట్టు బాధ్యత కూడా ఆయనదే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. పది గోల్స్ తిన్న కోచ్‌ను మీరైతే ఏం చేసేవారు? నిజం చెప్పండి. అదాలత్ హోటల్లో ఆ రాత్రికి రాత్రే మార్చేసేవారు. ఆయనను మళ్లీ పిలిచారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేసి, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ తర్వాత ఇప్పటిదాకా మన దేశం ఆ మెట్టు దగ్గరకు కూడా పోలేదు.

ఇక జకార్తా. ఇది నేను ఎన్నిసార్లు చెప్పానో నా భార్యను అడగండి. 1962 ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయిలాండ్ మీద ఆడుతుంటే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి. అలాంటివాడిని ఏం చేస్తారు? ఇంటికి పంపిస్తారు, లేదా బెంచీ మీద కూర్చోబెడతారు. రహీం సాబ్ ఆయనను సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! తలకు కట్టుతో డిఫెండర్ ముందుకెళ్లి ఆడుతున్నాడు. దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. క్రీడల రాజకీయాల మీద మనవాళ్లు ఒకరు ఏదో అన్నారని ఆతిథ్య దేశం ఇండోనేషియా మండిపడుతోంది. పి.కె.బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి. 2-1తో స్వర్ణం. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. తర్వాతి ఏడాది జూన్‌లో పోయారు.

నేను అడిగేది ఇంతే. ఆ సెమీఫైనల్ రోజు ఎవరైనా ఒక చీటీ పంపి ఉంటే? 'కుట్లున్న డిఫెండర్‌ను ఫార్వర్డ్‌లో ఆడిస్తావా, నీకేమైనా మతి పోయిందా' అని రాసి పంపి ఉంటే? పంపాలనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆయన జేబులో ఎన్ని చీటీలు ఉండేవో మనకు తెలియదు.

ఎక్కడున్నాం? చీటీ దగ్గరే ఉన్నాం. నేను వేరే చోటికి పోలేదు.

ఇక్కడి కుర్రాళ్లు ఇంగ్లండ్ ఆట బాగా చూస్తారు, కాబట్టి వాళ్ల భాషలోనే ఒకటి చెబుతాను. పెద్ద క్లబ్బులు కాదు, మనలాంటి చిన్నవాటి సంగతి. ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్ అని అప్పట్లో ఐదో అంచె క్లబ్బు. 2008లో వేలమంది అభిమానులు తలా 35 పౌండ్లు వేసుకుని దాన్ని కొనేశారు. ఓట్లు వేసి జట్టును మనమే ఎంపిక చేద్దామన్నది మొదటి ఆలోచన. తీరా ఆ ప్రశ్న మీదే ఓటింగ్ పెడితే, జట్టును కోచ్ లియాం డైష్‌కే వదిలేద్దామని సభ్యులే తేల్చారు. అదే ఏడాది వెంబ్లీలో, చిన్న క్లబ్బులు ఆడే ఎఫ్ఏ ట్రోఫీ గెలిచారు. ఆ ఫైనల్లో ఓడింది టార్క్వే యునైటెడ్. ఈ టార్క్వే సంగతి ఇంకా విచిత్రం. అంతకు ముందు ఏడాది లెరాయ్ రొసీనియర్‌ను మేనేజర్‌గా, అంటే మన భాషలో కోచ్‌గా, ప్రకటించిన పది నిమిషాలకే తీసేశారు. ఆ పది నిమిషాల్లో క్లబ్బు చేతులు మారింది. మన ఊళ్లో అంతకంటే కాస్త నెమ్మదిగా జరుగుతుంది, అంతే తేడా.

ఎబ్స్‌ఫ్లీట్ కథలో రెండో సగం కూడా చెప్పాలి. గెలిచిన ఉత్సాహం తగ్గాక సభ్యత్వాలు రాలిపోయాయి. 2013కల్లా వాళ్లు క్లబ్బును వదులుకున్నారు. మన దగ్గర కూడా ఇంతే. ఈ హాలులో ఇవాళ నిలబడటానికి చోటు లేదు. కిందటి నెల చందా పుస్తకం చూడండి. ఖాళీ గీతలే ఎక్కువ.

హైదరాబాద్ ఎఫ్‌సీ మనకు దగ్గరి ఉదాహరణ. 2019-20లో ఇండియన్ సూపర్ లీగ్ పట్టికలో అట్టడుగు. మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు, రెండో సీజన్‌కు, 2022 మార్చిలో, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చాడు. మీలో చాలామంది ఆ రాత్రి బండ్ల మీద జెండాలు కట్టుకుని తిరిగారు. తర్వాత జీతాల బకాయిలు, గొడవలు, మళ్లీ అట్టడుగు. చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. ఆ కష్టకాలంలో ఎంత గొప్ప కోచ్‌ను తెచ్చి కూర్చోబెట్టినా ఏం చేసేవాడు? బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు మార్చి లాభం లేదు.

నీళ్లంటే గుర్తొచ్చింది, మన మైదానం. ఇది అంశంలో లేదు, అయినా చెబుతాను. ఒక బహిరంగ సభ అయిన మరునాడు పొద్దున ప్రాక్టీసుకు పోయి చూడండి. టెంటు గుంజలు పాతిన గుంతలు, మోకాలి లోతు. పెనాల్టీ బాక్సులో మూడు, సెంటర్ సర్కిల్ చుట్టూ వరుసగా. వాటర్ ప్యాకెట్ల కుప్పలు, ఇనుప తీగ ముక్కలు. గుంతలు తవ్వినవాళ్లు పూడ్చరు. పూడ్చమని అడగడానికి వెళ్తే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపుతుంది, అది మళ్లీ మొదటి ఆఫీసుకే పంపుతుంది. పిల్లలే తట్టలతో మొరం మోసి పూడుస్తారు. తడిపి, తొక్కి, మళ్లీ తడిపి. పోయిన వానాకాలం అలా సరిగా పూడని గుంతలోనే మన గోల్‌కీపర్ చీలమండ మెలిక పడింది. ఆ పిల్లవాడు సీజన్ అంతా కట్టుతో కూర్చున్నాడు. అప్పుడు మీరంతా 'కోచ్‌కు గోల్‌కీపర్‌ను ఎంచుకోవడం రాదు' అన్నారు!

కోపం వస్తోంది, క్షమించండి. నీళ్లు ఇవ్వమ్మా కాస్త.

సరే. నన్ను ఎవరి వైపు అని అడిగారు కాబట్టి దాటవేయను. ఆ మొరం మోసే పిల్లల పక్కన తానూ తట్ట ఎత్తేవారు ఒకరున్నారు. మన పదమూడేళ్లలోపు పిల్లలను చూసుకునే పీఈటీ మేడం. డి లైసెన్సు ఉంది. పొద్దున ఐదున్నరకు మైదానంలో ఉంటారు, తొమ్మిదికి బడిలో ఉంటారు. ఒక రోజు నేను చూశాను. పిల్లలందరి కుడి బూట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టించారు. ఆ కాలితో బంతి ముట్టుకుంటే ఫౌలు. ఎడమ కాలితోనే పాస్, ఎడమ కాలితోనే షాట్. ఒక బక్కపిల్లవాడు మూడుసార్లు గాలిలో తన్ని కింద పడ్డాడు, నాలుగోసారి బంతి నెట్టు మూల తాకింది. బలహీనమైన కాలితోనే ఆడాలని పిల్లలకు పోటీలు పెట్టినవారు ఇంకెవరో తెలుసా? రహీం సాబ్. మేడంకు ఈ సంగతి తెలుసా అని అడిగితే, "తెలియదు సార్, వీళ్లకు ఎడమ కాలు రావడం లేదు కాబట్టి కట్టాను" అన్నారు.

ఆడమనిషి మగపిల్లల సీనియర్ జట్టుకా అని ముందు వరుసలో గుసగుసలు వినబడుతున్నాయి. నా చెవులు ఇంకా పనిచేస్తున్నాయి. 2023 జులైలో ఇంగ్లండ్‌లో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అనే చిన్న క్లబ్బు హన్నా డింగ్లీకి సీనియర్ పురుషుల జట్టును తాత్కాలికంగా అప్పగించింది. ఆమె అక్కడ పిల్లల అకాడమీ చూసుకునేవారు. కొద్ది రోజులకే వేరే మేనేజర్‌ను వేశారు, అదీ దాచను. తాత్కాలికం అనే మాటతో సరిపెట్టకండి అన్నదే నా మనవి. మన పక్కనే నిజామాబాద్. అక్కడి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా సంతకం చేసింది. ఈ ఉత్తర తెలంగాణ మట్టిలో ఆడపిల్లలు బంతి తన్నగలిగినప్పుడు, తన్నడం నేర్పలేరా?

నా మాట ఓడిపోవచ్చు. హైదరాబాద్ కోచ్ రావచ్చు, పాత సెంటర్ ఫార్వర్డే కావచ్చు. ఎవరైనా నేను టిక్కెట్టు కొనుక్కుని వచ్చి అరుస్తాను. ఫెర్గూసన్ 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు మేనేజర్‌గా వచ్చి మొదటి కప్పు 1990 మేలో గానీ పట్టుకోలేదని ఈ కుర్రాళ్లే నాకు చెప్పారు. ఆయనకు ఇచ్చిన ఓపికలో సగం మన కోచ్‌కు ఇవ్వండి, చాలు. కానీ పేర్ల మీద చేతులెత్తే ముందు ఒక తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. జట్టు జాబితా మీద కోచ్ సంతకం ఒక్కటే ఉంటుంది. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ కమిటీ సభ్యులు బెంచీ వైపు రాకుండా మైదానం అవతలి పక్కన కూర్చుంటారు. అధ్యక్షుల వారూ, మీరు కూడా. సెక్రటరీ గారూ, నేను చెప్పినట్టే రాయండి, 'వీలైనంతవరకు' అని మధ్యలో కలపకండి.

ఇంకొక్క మాట. ఇంతసేపూ మనం మేడం పేరు మీద, ఇంకొకరి పేరు మీద కొట్లాడుకుంటున్నాం గానీ, మీకు ఈ పని ఇష్టమేనా, ఏం కావాలి, ఎంత ఇవ్వాలి అని ఆమెను ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆమె అదిగో, వెనక తలుపు దగ్గర పిల్లలతో నిలబడ్డారు. బాబూ, ఈ మైకు వైరు అంతదూరం వస్తుందా? రాకపోతే ఆమెనే ముందుకు రమ్మనండి. షరతులు ఏమున్నాయో ఆమె నోటితో విన్న తర్వాత ఓటింగ్ పెట్టండి.