కనుబొమలకు కొత్త రంగు

శ్రోతలకు నమస్కారం.

కనుబొమల కోసం ఇప్పుడు దుకాణంలో ఒక అర మొత్తం కేటాయిస్తున్నారు. పెన్సిలు, పొడి, జెల్, మైనంలాంటి ముద్ద, దువ్వడానికి బుల్లి కుంచె, వారాల తరబడి నిలుస్తుందనే రంగు. మా మేనకోడలు ఈమధ్య ఒక కొత్త పెన్సిలు తెచ్చి, "అత్తా, పెట్టుకుని చూడు, పదేళ్లు తగ్గుతావు" అంది. పదేళ్ల మాట నమ్మలేదు గానీ, పెన్సిలు మాత్రం తీసుకున్నాను.

పెట్టుకునే తీరు క్లుప్తంగా చెబుతాను. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే గీత లాగేయకండి. వెంట్రుకలు పలచబడిన చోట మాత్రం, వెంట్రుక ఎటు వాలితే అటే, చిన్న చిన్న గీతలు గీయండి. ముక్కు వైపు చెయ్యి మరీ తేలికగా ఉండాలి. రంగు జుట్టు కన్నా పిసరంత లేతగా ఉంటే బాగుంటుంది. మన నల్లజుట్టుకు ముదురు గోధుమరంగు నప్పుతుంది. కటిక నలుపు పెడితే మనం నవ్వుతున్నా ముఖం కోపంగానే కనిపిస్తుంది. ఇంకొకటి, దుకాణం దీపాల కింద రంగు ఎంచుకోకండి. గుమ్మం దాకా వచ్చి, పగటి వెలుతురులో అద్దం చూసుకోండి.

పెన్సిలుతో పెద్దగా పేచీ లేదు. మైనం, నూనె, ఐరన్ ఆక్సైడ్ రంగులు, సాధారణంగా ఇవే ఉంటాయి. చర్మం మీద ఉంటుంది, రాత్రికి కాస్త కొబ్బరినూనె అద్ది తుడిస్తే పోతుంది. నా భయమంతా ఆ వారాల తరబడి నిలిచే రంగు గురించే. ఎందుకో చెప్పాలంటే ఒక కథ చెప్పాలి. జరిగిన కథే.

1933వ సంవత్సరం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, డేటన్ నగరం. బడి పిల్లల తల్లిదండ్రుల సంఘం వారు ఒకావిడను సత్కరించబోతున్నారు. విందుకు ముస్తాబవుదామని ఆవిడ బ్యూటీ పార్లర్‌కు వెళ్లింది. అక్కడ కనుబొమలకు, రెప్పలకు ఒక కొత్త రంగు వేశారు. దాని పేరు లాష్ లూర్. కళ్లు మండటం మొదలైంది. కనుగుడ్ల మీద పుండ్లు పడ్డాయి. చూపు పోయింది, మళ్లీ రాలేదు.

మరి ప్రభుత్వం ఏం చేసింది? ఏమీ చేయలేకపోయింది. అప్పటి చట్టం 1906 నాటిది. అందులో తిండి ఉంది, మందు ఉంది, సౌందర్య సాధనాల ఊసే లేదు. చేతిలో అధికారం లేని అధికారులు ఒక ప్రదర్శన పెట్టారు. రంగు వేయించుకోకముందు ఆవిడ ఫొటో ఒకటి, తరువాతి ఫొటో ఒకటి, రెండూ పక్కపక్కన. ఆ ప్రదర్శనకు 'భయానక మందిరం' అని పేరు పడింది. కొత్త చట్టం 1938లో వచ్చింది. అంటే ఐదేళ్లు. ఐదేళ్లపాటు ఆ రంగు అంగళ్లలో అమ్ముడవుతూనే ఉంది. నాకు ఆ ఐదేళ్లే మింగుడుపడవు.

ఆ సీసాలో ఉన్న పదార్థం పారాఫినైలిన్‌డయామిన్. పేరు నోరు తిరగదు, గుర్తుపెట్టుకోనక్కరలేదు. తల వెంట్రుకలకు మనం వేసుకునే చాలా రంగుల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. మీ ఇంట్లో తలరంగు అట్టపెట్టె ఉంటే, కళ్లజోడు పెట్టుకుని ఒకసారి చదవండి. దీన్ని కనుబొమలకు గానీ రెప్పలకు గానీ వాడకూడదు, చూపు పోవచ్చు అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. మన దేశంలో అలా ముద్రించి తీరాలని నిబంధన ఉంది. అయినా తలకు కలిపిన రంగులో గిన్నె అడుగున కాస్త మిగిలితే, పారేయడమెందుకని కనుబొమలకు పూసేవాళ్లు ఉన్నారు. పూయకండి. ఎంత మిగిలినా సరే, పూయకండి.

పెన్సిలైనా జెల్ అయినా, కొత్తది ఏది కొన్నా ముందు చెవి వెనకనో, ముంజేయి లోపలి వైపునో కాస్త రాసి, ఒక రోజు ఆగండి. నిరుడు పడిన రంగు ఈ ఏడు పడకపోవచ్చు. పెళ్లిళ్లలో పెట్టే నల్ల మెహందీలో కూడా ఆ రసాయనం కలుపుతుంటారు. అక్కడ ఒకసారి ఒంటికి పడకపోతే, తరువాత ఆ రసాయనం ఉన్న ఏ తలరంగు వేసుకున్నా చర్మం పొంగే ప్రమాదం ఉంది. థ్రెడింగ్ చేయించుకున్న రోజునే కొత్తది ఏదీ రాయకండి, చర్మం అప్పటికే చిరాకు పడి ఉంటుంది.

ఆదివారం పెళ్లి ఉంటే పెన్సిలు శుక్రవారానికల్లా ఇంట్లో ఉండాలి. చెవి వెనక ఎర్రబడినా, దురద పెట్టినా వెంటనే కడిగేసుకుని పక్కన పెట్టేయండి. కళ్లకు తగిలి మండితే మంచినీళ్లతో బాగా కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ అట్టపెట్టె కూడా చేత పట్టుకెళ్లండి. అందులో ఏమేం కలిపారో దాని మీదే రాసి ఉంటుంది.