ఈత కన్నా ముందు టేపు నేర్పండి

అందరికీ నమస్కారం. ఇక్కడున్న జువాలజీ విద్యార్థులకూ, వాళ్లకు పాఠం చెప్పే లెక్చరర్లకూ ఒకే మాట చెప్పాలి. పగడపు దిబ్బల మీద పరిశోధన చేయాలంటే సముద్రం ఒడ్డున పుట్టి ఉండక్కర్లేదు. ఆ పనిలో సగానికి పైగా కొలతే. కొలవడం కడపలోనే నేర్చుకోవచ్చు.

ఆ మాటకొస్తే ఈ నేలకు సముద్రం కొత్త కాదు. వేంపల్లె వైపు డోలమైట్ బండల్ని దగ్గరగా చూడండి, కోసిన ఉల్లిగడ్డలో మాదిరి వంపు తిరిగిన పొరలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు. 180 కోట్ల ఏళ్లకు పూర్వమే, లోతు తక్కువ సముద్రంలో సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టినవి. తుమ్మలపల్లె యురేనియం దొరికేదీ ఈ డోలమైట్‌లోనే. ఇవి పగడాలు కావు. పగడాలు జంతువులు, చాలా కాలం తర్వాత వచ్చాయి. అయితే వెలుగు అందే లోతు, నీళ్లలో సున్నం స్ట్రోమటోలైట్లకైనా, పగడాలకైనా కావాలి.

మన రాష్ట్ర తీరంలో పెద్ద దిబ్బలు కట్టలేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు వాటికి పడవు. మీకు అందుబాటులో ఉన్నది తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ, 21 దీవులు. దాని ఒడ్డునే ఉన్న మండపంలో 1969లోనే పగడాల మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది.

ఇక అసలు పని. 20 మీటర్ల ఫైబర్ టేపును ఒకే లోతులో, సముద్రపు నేలకు 15 సెంటీమీటర్ల కన్నా పైకి లేవకుండా పరుస్తారు. టేపు కింద ఉన్నది మారిన ప్రతిచోటా సెంటీమీటర్ అంకె రాస్తారు: కొమ్మల పగడం, గుండు పగడం, చచ్చిన పగడం, నాచు, ఇసుక. 2000 సెంటీమీటర్లలో బతికున్న పగడం 640 వస్తే 32 శాతం. లెక్క ఇంతే. తప్పులు జరిగేది పరిచేటప్పుడూ, చూసేటప్పుడూ.

అల తోస్తే సడలిన టేపు పక్కకు జరుగుతుంది, మధ్యలో చదివిన అంకెలు పనికిరావు. అందుకే రెండు మూడు మీటర్లకోసారి రాతికో, చచ్చిన పగడానికో ఒక చుట్టు వేయాలి. బతికున్నదానికి ఎన్నడూ చుట్టకూడదు. అంతకన్నా పెద్ద తప్పు, బ్లీచ్ అయినదాన్ని, అంటే వేడికి రంగు పోయినా ఇంకా బతికున్న పగడాన్ని, చచ్చినదని రాయడం. రెండూ తెల్లగానే ఉంటాయి. బ్లీచ్ అయినదాని మీద పల్చటి, పారదర్శకమైన కణజాలం, పాలిప్‌లు (పగడాన్ని కట్టే చిన్న జీవులు) ఉంటాయి. చచ్చినదాంట్లో అస్థిపంజరపు గుంటలు ఒట్టిగా కనిపిస్తాయి, కొన్నాళ్లకే వాటిపై నాచు పడుతుంది. ఇక్కడ పొరబడితే, వచ్చే ఏడాది అది రంగు తేరినప్పుడు దిబ్బ కొత్తగా పెరిగిందని మీ రిపోర్టు చెబుతుంది, నిజానికి ఏమీ పెరగదు.

రంగును జ్ఞాపకం మీద రాయకండి. నీళ్లు ముందుగా ఎరుపును మింగేస్తాయి. అందుకే కోరల్ హెల్త్ చార్టును, అంటే రంగు ఛాయలు ముద్రించిన కార్డును, పగడం పక్కనే, అదే వెలుగులో పెట్టి 1 నుంచి 6 వరకు ఉన్న ఛాయల్లో ఏదో పోల్చి రాయాలి.

లెక్చరర్లకు ఒక మనవి. వేసవిలో పెన్నలో నీళ్లు లేనప్పుడు ఇసుక మీద గులకరాళ్లు, కడప బండ ముక్కలు, గోనెపట్టాలు, ఆకులు పరిచి, పైన టేపు వేయించండి. ఇద్దరు పిల్లలను విడివిడిగా చదవమనండి, ఒకరి షీటు ఇంకొకరికి చూపొద్దు. రెండు లెక్కల మధ్య తేడా 5 శాతం దాటితే, తేడా ఏ అంకె దగ్గర మొదలైందో వెతికించండి. ఆ వెతుకులాటే శిక్షణ. ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తోనే రాయించండి. జాతుల పేర్లకు తొందరపడొద్దు. మొదట ఆకారాలు, తర్వాత అక్రోపోరా, పోరైటీస్ వంటి ప్రజాతులు, ఆ పైన జాతులు. ముందే జాతి పేరు అడిగితే పిల్లలు ఊహించి రాస్తారు, ఆ ఊహే షీటులో నిజమై కూర్చుంటుంది.

నీళ్లలో దిగలేనివాళ్లకూ చాలా పని ఉంది. అనంతపురంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉపగ్రహ ఉష్ణోగ్రతల నుంచి డిగ్రీ హీటింగ్ వీక్‌లను, అంటే సముద్రంలో వేడి ఎంత పేరుకుందో చెప్పే లెక్కను, చూడొచ్చు, డేటా ఉచితం. అత్యంత వేడి నెల సగటు కన్నా 1 డిగ్రీ ఎక్కువగా ఒక వారం ఉంటే 1 లెక్క. 4 చేరితే బ్లీచింగ్ మొదలవుతుందని, 8 చేరితే చావులు తప్పవని అంచనా. 1998, 2010, 2016 వేడి ఏళ్లలో మన్నార్‌లో పగడాలు తెల్లబారాయి. ఆ ఏళ్లతో సాధన మొదలుపెట్టండి.

డైవింగ్ కోర్సుకు 200 మీటర్ల ఈత, 10 నిమిషాల తేలడం వస్తే చాలు. ఇంటికి పోయే దారిలో విమానం ఉంటే, వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు ఆగాలి. రాతి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చిన ముక్కనైనా అనుమతి లేకుండా తేకూడదు. అటవీ శాఖకు దరఖాస్తు ముందే పెట్టుకోండి.

చివరగా, ప్రతి టేపు మొదలైన చోటు జీపీఎస్ అంకెలు, లోతు, టేపు దిక్కు, తేదీ, చదివినవాళ్ల పేర్లు కాలేజీ రిజిస్టరులో ఉండాలి. విద్యార్థి ల్యాప్‌టాప్‌లోనే ఉంటే చదువైపోయి వెళ్లాక అవీ పోతాయి, తర్వాతి బ్యాచ్ అదే చోటును మళ్లీ కొలవలేదు.