గాడి పడిన రోడ్డు: తప్పు తారుదేనా?

వ్యాఖ్యాత: రోడ్డు మీద చక్రాలు నడిచేచోట గాడులు పడి, వాన పడితే నీళ్లు నిలుస్తాయి. ఇంజినీర్ల మాటలో రటింగ్. మేడమ్, ఇది తారు తప్పేనా?

ల్యాబ్ నిపుణురాలు: కొంతవరకు. ఎండకు పైపొర 60 డిగ్రీలు దాటితే తారు మెత్తబడుతుంది. లారీ చక్రం తొక్కినప్పుడల్లా రవ్వంత జరుగుతుంది. అందులో కొంత వెనక్కి వస్తుంది, కొంత రాదు. ఆ రానిదే పోగుపడి గాడవుతుంది.

వ్యాఖ్యాత: అయితే గట్టి తారు వేస్తే సరి!

సైట్ ఇంజినీర్: మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం సార్. 25 డిగ్రీల దగ్గర సూది ఎంత దిగిందో చూసి గ్రేడు తేల్చేవాళ్లం. 60 దగ్గర అదే తారు ఎలా ఉంటుందో ఆ సూదికేం తెలుసు? పైగా మరీ గట్టిదైతే చలికి పగుళ్లు.

ల్యాబ్ నిపుణురాలు: అమెరికాలో 1987లో మొదలైన పరిశోధన నుంచి సూపర్‌పేవ్ పద్ధతి వచ్చింది. రోడ్డు వేడి ఎంత ఉంటుందో ఆ వేడిలోనే, రెండు పళ్లేల మధ్య తారును అటూ ఇటూ తిప్పుతారు. జీ స్టార్‌ను సైన్ డెల్టాతో భాగిస్తే కొత్త తారుకు కనీసం 1 కిలోపాస్కల్ రావాలి. 163 డిగ్రీల్లో 85 నిమిషాలు ఉంచి ముదరబెట్టినదానికి 2.2.

వ్యాఖ్యాత: మేడమ్, నాకే అర్థం కాలేదు!

ల్యాబ్ నిపుణురాలు: (నవ్వుతూ) జీ స్టార్ అంటే గట్టితనం. డెల్టా అంటే తిప్పినదానికి తారు ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో చెప్పే కోణం. అది తక్కువైతే తారు రబ్బరులా సాగి వెనక్కొస్తుంది, 90 డిగ్రీలకు దగ్గరపడితే నూనెలా పారుతుంది.

సైట్ ఇంజినీర్: పాలిమర్ తారు, అంటే రబ్బరులాంటి పదార్థం కలిపిన తారు దగ్గర ఈ లెక్క తప్పింది. ఒకే మార్కులు తెచ్చుకున్న రెండు తార్లు రోడ్డెక్కాక వేరేగా నడిచాయి.

ల్యాబ్ నిపుణురాలు: ఆ పరీక్షలో పళ్లేల మధ్య తిప్పేది బాగా కొంచెం కాబట్టి పాలిమర్‌కు తన బలం చూపించే పనే పడదు. అందుకే ఎంఎస్‌సీఆర్ అని, పదేపదే నొక్కి వదిలి చూసే పరీక్ష వచ్చింది. ఒక సెకను నొక్కి, తొమ్మిది సెకన్లు వదిలేస్తారు. ముందు 0.1 కిలోపాస్కల్, తర్వాత 3.2. వెనక్కి రాని సాగుడును ఒత్తిడితో భాగిస్తే జేఎన్‌ఆర్. మామూలు ట్రాఫిక్‌కు 4.5 దాకా ఒప్పుకుంటారు, అత్యంత భారీ ట్రాఫిక్‌కు 0.5 దాటకూడదు.

వ్యాఖ్యాత: సిగ్నళ్ల దగ్గరే గాడులు ఎక్కువెందుకు?

సైట్ ఇంజినీర్: అక్కడ లారీ ఆగుతుంది. బరువు అదే, కానీ తారుకు జారడానికి టైం దొరుకుతుంది. అలాగని అంతా తారు నెత్తిన రుద్దకండి. గుండ్రటి కంకర వేసి, తారు ఎక్కువ పోసి, మిక్స్‌లో గాలి ఖాళీలు 3 శాతం కన్నా తగ్గనిస్తే పాలిమర్ కూడా కాపాడలేదు.

వ్యాఖ్యాత: మరి గాడి చూసి తప్పెవరిదో చెప్పగలరా?

సైట్ ఇంజినీర్: సన్నగా పడి పక్కల ఉబ్బితే పైపొర మీదే అనుమానం. వెడల్పుగా కుంగితే కింది పొరల్ని అడగాలి. తేలకపోతే రోడ్డును అడ్డంగా కోసి చూడటమే సార్.