"పెళ్లయిందా?" అని అడిగితే ఏం చెప్పాలి: లైంగిక ఆరోగ్యానికి బెజవాడ, గుంటూరులో సాయం ఎక్కడ

[విజయవాడ సూర్యారావుపేటలో ఒక వీధి. రెండు వైపులా క్లినిక్ బోర్డులు, ల్యాబులు, మందుల షాపులు. కెమెరా నడుస్తూ ఉంటుంది.]

నాకు 22 ఏళ్లప్పుడు ఈ చుట్టుపక్కలే ఒక క్లినిక్‌కి వెళ్లాను. వారం రోజులుగా కింద ఒకటే దురద, తెల్లబట్ట విరిగిన పాలలా అవుతోంది, కూర్చోలేకపోతున్నాను. రిసెప్షన్‌లో ఉన్నావిడ చీటీ రాస్తూ తల ఎత్తకుండానే "పెళ్లయిందా?" అంది. కాలేదన్నాను. అప్పుడు తలెత్తి చూసింది. బెంచీల మీద కూర్చున్నవాళ్లూ చూశారు. "మరి గైనిక్ దగ్గరికి దేనికమ్మా?" అంది. ఏం లేదండీ అని బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత మూడు నెలలు వేపాకు నీళ్లు, మందుల షాపులో ఇచ్చిన ఏదో ట్యూబు, ఇంట్లో అబద్ధాలు. అసలు సంగతేంటంటే, అంతకుముందు గొంతు నొప్పికి యాంటీబయాటిక్స్ వాడాను, అవి వాడినప్పుడు కొంతమందికి వచ్చే ఫంగల్ ఇన్‌ఫెక్షన్ అది. పెళ్లికీ దానికీ ఏ సంబంధమూ లేదు. చివరికి ఇంకో డాక్టరమ్మ రాసిన మాత్రతో వారం తిరక్కుండా తగ్గిపోయింది.

ఈ వీడియో ఆ ఒక్క ప్రశ్న గురించే.

[హోస్ట్ కూర్చుని, నేరుగా కెమెరాతో.]

మన దగ్గర ఆసుపత్రిలో "పెళ్లయిందా" అంటే అసలు అడుగుతున్నది "లైంగిక సంబంధం ఉందా" అని. డాక్టరుకి అది తెలియడం నిజంగా అవసరం, గర్భం పరీక్ష చేయాలా వద్దా, లోపల పరీక్ష ఎలా చేయాలి, వేరే టెస్టులేమైనా కావాలా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. కానీ సూటిగా అడగడానికి మొహమాటం, అందుకని పెళ్లిని అడ్డం పెట్టుకుంటారు. దానివల్ల ఎంతమంది జారిపోతున్నారో చూడండి. పెళ్లికాని అమ్మాయి భయపడి ఏమీ లేదంటుంది, వాంతులకి గ్యాస్ మాత్రలు రాయించుకుని వెళ్తుంది. మగవాళ్లతో సంబంధం ఉన్న ఒక పెళ్లయిన అతను "అయిందండి" అంటాడు, అబద్ధం కాదు, కానీ డాక్టరుకి తెలియాల్సింది తెలియలేదు. భర్త పోయిన ఆవిడకి ఇక ఇలాంటివేవీ ఉండవని వాళ్లే అనేసుకుంటారు. వీల్‌చెయిర్‌లో వచ్చిన అమ్మాయిని అసలు అడగనే అడగరు, వెనకున్న అమ్మ మొహం చూసి మాట్లాడతారు. ట్రాన్స్ వాళ్లయితే ఆ ప్రశ్న దాకా కూడా రారు, ఓపీ చీటీ కిటికీ దగ్గర ఆడవాళ్ల లైనులో నిలబడాలా మగవాళ్ల లైనులోనా అన్న చోటే సగం మంది వెనక్కి తిరుగుతారు.

కాబట్టి జవాబు మీరు ముందే సిద్ధం చేసుకుని వెళ్లండి. కౌంటర్ దగ్గర విభాగం పేరు చెబితే చాలు, గైనిక్ అనో స్కిన్ అనో. కారణం అడిగితే "డాక్టర్‌గారితో చెప్తానండి" అనండి, అంతకన్నా ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్లాక "పెళ్లి కాలేదండి, సంబంధం ఉంది, ఆఖరిసారి నెలసరి ఫలానా తారీఖున వచ్చింది" అని ఒకే ఊపులో చెప్పేయండి. నోరు రాకపోతే రాసి చూపించండి. గుంటూరులో నా ఫ్రెండ్‌కి తోడుగా వెళ్లినప్పుడు తను ఫోన్‌లో నాలుగు లైన్లు టైప్ చేసుకొచ్చింది, చెయ్యి వణుకుతూనే ఫోన్ బల్ల మీద పెట్టింది. డాక్టర్ చదివి, నర్సుతో "ఆ తలుపు దగ్గరికి వెయ్యమ్మా" అన్నారు. ఆ తలుపు వేసిన చప్పుడుతో మా ఇద్దరి టెన్షన్ సగం దిగిపోయింది.

[గోడ మీద సగం చిరిగిన పోస్టర్. ఫోన్ నంబర్ కనిపించకుండా బ్లర్.]

ఇలాంటివి మీరు బస్టాండ్ల దగ్గర, ఫ్లైఓవర్ల కింద చూసే ఉంటారు. గుప్తరోగాలు, నరాల బలహీనత, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టర్ గారు దొరుకుతారు. మన అబ్బాయిల్లో చాలామందికి సెక్స్ గురించి దొరికే మొదటి చదువు ఇదే, నాకు దీని మీద చాలా కోపం. లైంగిక సామర్థ్యం పెంచుతామని, సుఖవ్యాధులు నయం చేస్తామని మందులకి ప్రకటనలివ్వడం చట్టవిరుద్ధం, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అని దానికోసమే ఉంది. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవు. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు. ఈ రెండు ముక్కలు ఎవరూ చెప్పకపోవడం వల్ల వేలకి వేలు పోసి పొడులు కొనుక్కునేవాళ్లున్నారు.

నిజంగా మంట, పుండు, చీము, గజ్జల్లో గడ్డలు లాంటివి ఉంటే వెళ్లాల్సింది సురక్ష క్లినిక్‌కి. సుఖవ్యాధుల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టిన క్లినిక్‌లకి దేశమంతా ఇదే పేరు, మందులు ఉచితం. అదే ఆసుపత్రిలో ఐసీటీసీ అని ఒక గది ఉంటుంది, అక్కడ హెచ్ఐవీ పరీక్ష ఉచితంగా చేస్తారు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు, రిపోర్టు మీ చేతికే ఇచ్చి వివరిస్తారు. మొదటి పరీక్షలో పాజిటివ్ అనిపిస్తే వేరే కిట్లతో మళ్లీ చూసి గానీ ఖాయం చేయరు. ఒకటి గుర్తుపెట్టుకోండి, నిన్న రాత్రి జరిగినదానికి ఇవాళ పరీక్ష చేయించుకుంటే ఏమీ తెలియదు, నెగెటివ్ వచ్చినా మూడు నెలలకి మళ్లీ చేయించుకోవాలి. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టం చెబుతోంది. వెళ్లేముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు.

[మందుల షాపు కౌంటర్. నల్ల కవరులో చుట్టి ఇస్తున్న చేతులు.]

కండోమ్ కొన్నా ప్యాడ్స్ కొన్నా అదే నల్ల కవరు. సరే, కవరు సంగతి పక్కన పెడదాం, లోపల ఏముందో తెలియకపోవడం అసలు ప్రమాదం. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేరు, అబార్షన్ మాత్రలు వేరు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. మొదటిది కలయిక జరిగాక 72 గంటలలోపు వేసుకునేది, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది, డాక్టర్ చీటీ లేకుండా ఇస్తారు. అది గర్భం రాకుండా ఆపుతుంది, వచ్చిన గర్భాన్ని తీసేయదు. రెండోవి డాక్టర్ చూసి ఇవ్వాల్సినవి. ఎందుకంటే గర్భం ఒక్కోసారి గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలుస్తుంది, దాని మీద ఆ మాత్రలు పనిచేయవు, ఆ ట్యూబు పగిలితే లోపలే రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. అది డాక్టర్ చూసి, అవసరమైతే స్కాన్ చేసి తేల్చాల్సిన సంగతి, షాపులో ఎవరో తెలిసినవాళ్ల ద్వారా తెప్పించుకుని వేసుకుంటే తెలిసేది కాదు.

నెలనెలా ఈ టెన్షన్ ఎందుకనుకుంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, హార్మోన్లు లేని ఛాయ మాత్రలు, కాపర్ టీ ఉచితంగా ఉంటాయి. ఏది ఎవరికి సరిపడుతుందో అక్కడే అడగండి.

ఇక అబార్షన్. స్కానింగ్ సెంటర్లలో "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు, అది నేరం" అని బోర్డు చూసీ చూసీ, అబార్షనే నేరమని మనవాళ్లు అనుకుంటున్నారు. నేరం ఆడపిల్లా మగపిల్లాడా అని చూడటం, చూసి తీయించుకోవడం. గర్భం తీయించుకోవడానికి 1971 నుంచి చట్టం ఉంది. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 20 నుంచి 24 వారాల మధ్య చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్న కారణం దగ్గర పాత చట్టంలో "పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త" అని ఉండేది, 2021 సవరణలో దాన్ని "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, పెళ్లికానివాళ్లకి 24 వారాల అవకాశం లేదనడం కుదరదని చెప్పేసింది. అదే తీర్పులో ఈ హక్కు గర్భం ధరించగల ట్రాన్స్ వ్యక్తులకి కూడా ఉందని రాసింది. 18 నిండినవాళ్లకి వాళ్ల సంతకం ఒక్కటే చాలు, భర్త సంతకం కావాలి, అమ్మానాన్నల్ని తీసుకురా అని అడగడానికి చట్టంలో చోటు లేదు. మీ పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇన్ని ఉన్నా కౌంటర్లో "మీ ఆయన రాలేదా?" అంటారు. "చట్టప్రకారం నా సంతకం చాలండి" అని నెమ్మదిగా, గట్టిగా అనండి.

18 నిండనివాళ్లకి దాచకుండా ఒక మాట చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద డాక్టర్ పోలీసులకి తెలియజేయాలి, అబార్షన్‌కి సంరక్షకుల సంతకం కూడా కావాలి. కానీ ఆ రిపోర్టులో అమ్మాయి పేరు, వివరాలు రాయొద్దని అమ్మాయీ, సంరక్షకులూ కోరితే డాక్టర్ రాయక్కర్లేదని అదే 2022 తీర్పు చెప్పింది. పోలీసుల భయంతో నాటు వైద్యం దగ్గరికి వెళ్లొద్దమ్మా. ఎవరైనా బలవంతం చేసి ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

[ఓపీ బ్లాక్ మెట్లు. ర్యాంప్ ఉన్న పక్క గేటు.]

వికలాంగుల సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. బుద్ధిమాంద్యం ఉన్న పాప పెద్దమనిషి అయ్యాక, నెలనెలా చూసుకోలేమని గర్భసంచి తీయించేయమని సలహా ఇచ్చే బంధువులుంటారు. తల్లుల కష్టం నాకు తెలుసు, నెలకి అయిదు రోజులు ఉద్యోగం మానుకుని కూర్చున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది, ఆ మనిషి పూర్తిగా అర్థం చేసుకుని ఒప్పుకోకుండా సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదు. కుటుంబ నియంత్రణ సమాచారం వాళ్లకి అర్థమయ్యేలా అందాలని కూడా అందులోనే ఉంది. ప్యాడ్ మార్చుకోవడం బొమ్మలతో, రోజూ ఒకే వరుసలో చూపిస్తే చాలామంది పిల్లలు నేర్చుకుంటారు. చెవులు వినపడని అమ్మాయితో మీరు వెళ్తే జవాబులు మీరు చెప్పకండి, కాగితం తన చేతికివ్వండి.

ట్రాన్స్ మిత్రులకి: వైద్యం నిరాకరించడం, వివక్ష చూపడం 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం మూడో సెక్షన్ ప్రకారం నిషిద్ధం. నన్ను ఏ పేరుతో పిలవాలో చీటీ మీదే రాయమని అడగండి, లేకపోతే హాల్లో పాత పేరు కేకేస్తారు. గర్భసంచి ఉన్న ట్రాన్స్ మగవాళ్లు మీసం ఉందని గైనిక్ దగ్గరికి వెళ్లడం మానొద్దు. గే, లెస్బియన్ పిల్లల్ని "మార్చేస్తాం" అని ఎవరైనా డాక్టర్ అంటే, అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, అదీ ఉచితమే.

[మళ్లీ మొదటి వీధి. సాయంత్రం, బోర్డుల లైట్లు వెలుగుతున్నాయి.]

మొదటి చోట అవమానం జరిగితే ఫీజు పోయిందనుకుని లేచి వచ్చేయండి, కానీ వైద్యం మానేయకండి, ఇంకో తలుపు చూడండి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సూపరింటెండెంట్‌కి కాగితం రాసివ్వండి, తేదీ, సమయం వేసి.

నాకు తగ్గించిన డాక్టరమ్మ పెళ్లి సంగతి అడగలేదు. "ఏం ఇబ్బందో నీ మాటల్లో చెప్పమ్మా, తర్వాత నేను కొన్ని సొంత విషయాలు అడుగుతాను, ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్తాను, ఇష్టం లేనిదానికి జవాబు చెప్పకు" అన్నారు. ఆవిడ క్లినిక్ అడ్రసు ఇప్పటికి తొమ్మిది మందికి ఇచ్చాను. మీకూ అలాంటి డాక్టర్ ఎవరైనా తెలిసి ఉంటే, మీ చుట్టూ అవసరం ఉన్న ఒక్కరికి ఈ రాత్రే మెసేజ్ పెట్టండి.