హాల్‌టికెట్‌లో లేని సబ్జెక్టు

పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. బెంగళూరు కాలేజీల్లో ఈ ఏడాది చేరిన మన తెలుగు పిల్లలకు, వాళ్లను హాస్టళ్లలో దింపడానికి అనంతపురం, నెల్లూరు, కర్నూలు నుంచి వచ్చిన తల్లిదండ్రులకు క్రెడిట్ల సంగతి చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను పాఠాలు చెప్పినవాణ్ణి కాదు. ఈ ఊళ్లోనే ఒక కాలేజీ పరీక్షల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. పాఠం చెప్పేవారికి పిల్లల తెలివి కనబడుతుంది, మాకు వాళ్ల కాగితాలే కనబడతాయి. అందుకని కాగితాల గురించే మాట్లాడతాను.

ఒక అమ్మాయి ఉండేది. మూడో సెమిస్టరులో ఎలెక్టివ్‌గా, అంటే మన ఇష్టానికి వదిలేసిన చోట, ఏదో ఒక సబ్జెక్టు ఎంచుకుని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంది. రెండు వారాలు గడిచాక, స్నేహితురాళ్లందరూ గణాంకశాస్త్రంలో ఉన్నారని తనూ ఆ క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టింది. మేష్టారిని అడిగితే ఆయన సరే కూర్చోమన్నారు. ఆ అమ్మాయి ఒక్క క్లాసు మానలేదు, నోట్సు ముత్యాల్లా రాసుకుంది. పరీక్షల ముందు హాల్‌టికెట్ చేతికొచ్చింది. అందులో తను అడుగుపెట్టని సబ్జెక్టు ఉంది, చదివిన సబ్జెక్టు లేదు. పైగా ఆ వెళ్లని సబ్జెక్టులో హాజరు తక్కువని పరీక్షకు అనర్హురాలని రాసి ఉంది. వాళ్ల నాన్నగారు రాత్రి బస్సెక్కి వచ్చి నా కిటికీ ముందు నిలబడి, "మా పాప ఒక్కరోజు కూడా మానలేదండీ" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను చేయగలిగింది మాత్రం ఏమీ లేకపోయింది. సబ్జెక్టు మార్చుకునే గడువు దాటి రెండు నెలలైంది, మేష్టారి నోటిమాటకు రిజిస్టరులో గడి లేదు.

క్లాసులో కూర్చోవడం వేరు, నమోదై ఉండటం వేరు. ఈ తేడా మన ఇళ్లలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే మా తరానికి అది లేదు. మేము ఫీజు కట్టి ఒక గ్రూపులో చేరితే సబ్జెక్టులన్నీ వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు ప్రతి సెమిస్టరులోనూ ప్రతి సబ్జెక్టులోనూ విడివిడిగా చేరాలి. కాలేజీలో సీటు ఒక్కసారి వస్తే చాలు. నమోదు మాత్రం సెమిస్టరు సెమిస్టరుకూ కొత్తగా జరగాలి.

ఇంతకీ క్రెడిట్ అంటే ఏమిటి? అది తెలివికి కొలత కాదు, మార్కులకూ కొలత కాదు. గంటలకు కొలత. వారానికి ఒక గంట పాఠం చొప్పున ఒక సెమిస్టరంతా, అంటే సుమారు 15 వారాలు, సాగితే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే వారానికి రెండు గంటలు పెడితేగాని ఒక క్రెడిట్ రాదు. సిలబస్ పుస్తకంలో సబ్జెక్టు పేరు పక్కన 3-0-2 అని కనబడితే జాతకచక్రం అనుకోకండి. మూడు గంటల పాఠం, అభ్యాసం చేయించే ట్యుటోరియల్ లేదు, రెండు గంటల ల్యాబ్, కలిపి నాలుగు క్రెడిట్లు.

చదువును గంటల్లో కొలిచే ఈ అలవాటు వెనుక ఒక పింఛను కథ ఉంది. పింఛనుదారుణ్ణి కాబట్టి నాకది చాలా ఇష్టం. 1905లో అమెరికాలో ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి కాలేజీ అధ్యాపకుల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. డబ్బు ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది, కాలేజీ అని బోర్డు పెట్టుకున్న ప్రతిదానికీ ఇవ్వలేరు కదా. హైస్కూల్లో 14 యూనిట్లు చదివినవారినే చేర్చుకునే కాలేజీ అయితేనే పింఛను అన్నారు. ఒక సబ్జెక్టు ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్. పింఛను మీద ఆశతో కాలేజీలన్నీ గంటలు లెక్కపెట్టడం నేర్చుకున్నాయి. తర్వాత ఆ లెక్క కాలేజీ చదువులోకీ పాకి, ఖండాలు దాటి మన దాకా వచ్చింది. మన దేశంలో సెమిస్టర్లు, క్రెడిట్లు ఐఐటీల్లో ఎప్పటినుంచో ఉన్నా, మామూలు డిగ్రీ కాలేజీల దాకా గట్టిగా వచ్చింది 2015 ప్రాంతంలో విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ తెచ్చిన సీబీసీఎస్, అంటే సబ్జెక్టులు ఎంచుకునే వీలున్న క్రెడిట్ల విధానంతోనే.

డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు కావాలన్నది బెంగళూరులో కాస్త చిక్కు ప్రశ్న. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఏడాది చదివి 40 క్రెడిట్లతో, వేసవిలో మరో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సుతో సర్టిఫికెట్ తీసుకుని బయటికి పోవచ్చు. మూడేళ్లలోపు తిరిగి రావచ్చు. మొత్తం ఏడేళ్లలో ముగించాలి. (ఆ ఒక్క ఏడాది సర్టిఫికెట్ చూసి ఉద్యోగమిచ్చే మహానుభావుడు నాకింతవరకు ఎదురుపడలేదు. డబ్బు ఇబ్బందితో చదువు ఆపేవారికి తిరిగి వచ్చే దారి ఉండటం మాత్రం మంచిదే.) కర్ణాటక 2021లో నాలుగేళ్ల పద్ధతిలోకి వెళ్లి, 2024లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చేసింది. నగరంలోని డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాల దారి వేరు. కాబట్టి ఒకే గదిలో ఉండే ఇద్దరు బీఎస్సీ పిల్లలకు రెండు రకాల లెక్కలు ఉండవచ్చు. సీనియర్ల మాట నమ్మి ముందుకు పోకండి. మీరు చేరిన సంవత్సరపు నిబంధనలే మీకు వర్తిస్తాయి.

హాజరు గురించి ఎక్కువ చెప్పను. మన దగ్గర అన్నయ్యలు, 65 దాటితే జరిమానా కట్టి గట్టెక్కామని చెబుతుంటారు. ఇక్కడ వీటీయూ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం కిందున్న ఇంజినీరింగ్ కాలేజీల్లో అడిగేది 85 శాతం. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు సెమిస్టరులో సుమారు 45 క్లాసులు ఉంటే మానగలిగినవి ఆరే. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు ఉండిపోవాలనుకునేవారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి.

గ్రేడ్ల లెక్కలో పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ (O) అనే గ్రేడుకు 10, ‘ఏ ప్లస్’కు 9, ‘ఏ’కు 8, ‘బీ ప్లస్’కు 7, ‘బీ’కి 6. ప్రతి గ్రేడునూ ఆ సబ్జెక్టు క్రెడిట్లతో హెచ్చించి కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తారు. సెమిస్టరుకు 20 క్రెడిట్లు అనుకుందాం. ఒక క్రెడిట్ ల్యాబులో ‘ఏ’ నుంచి ‘ఓ’కు ఎగబాకితే సగటు పెరిగేది 0.1. నాలుగు క్రెడిట్ల గణితంలో ‘బీ’ నుంచి ‘ఏ’కు వస్తే 0.4. అయినా ల్యాబ్ రికార్డుకు రంగు పెన్నులతో బొమ్మలేస్తూ రాత్రంతా మేలుకుని, మర్నాడు గణితం పరీక్షలో కునికిపాట్లు పడేవారిని ఏటా చూశాను. పరీక్ష తప్పినవారి బాధ వేరు. క్రెడిట్‌లో సగం రావడమనేది లేదు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు తప్పితే నాలుగూ రావు.

ఇక ఆన్‌లైన్ కోర్సులు. కేంద్ర ప్రభుత్వం నడిపే ‘స్వయం’ వేదికలోనో, ఐఐటీ మద్రాసు సమన్వయం చేసే ఎన్‌పీటెల్‌లోనో చదివి సర్టిఫికెట్ తెచ్చి, క్రెడిట్లు వేయమని అడుగుతారు. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చదివే వీలు యూజీసీ 2021లో ఇచ్చింది, నిజమే. కానీ ఏ కోర్సును ఒప్పుకుంటామో కాలేజీ ముందే ప్రకటించాలి, మీరు ముందే అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక ముహూర్తం పెట్టించుకుంటే పురోహితుడేం చేస్తాడు?

విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఆన్‌లైన్ ఖాతాలో జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ కూడా 2021లోనే వచ్చింది. బ్యాంకు కదా అని మన సర్టిఫికెట్లు మనమే తీసుకెళ్లి జమ చేద్దామంటే కుదరదు. విద్యాసంస్థే చేయాలి. మీరు చూసుకోవలసింది ఖాతా తెరిచారా, అందులో పేరు సరిగా ఉందా అన్నది. అసలు తంటా మన తెలుగువాళ్లకు అక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివర ఉంటుంది, ఇక్కడ చేర్చుకునేటప్పుడు గుమాస్తా ఒక్క అక్షరానికి కుదించి రాస్తాడు. నాలాంటివాడే, తప్పు పట్టకండి. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులవుతారు. ఈ సరిచేసే పని మొదటి సెమిస్టరులో ఒక దరఖాస్తుతో అయిపోతుంది. చివరి సెమిస్టరులో అయితే నోటరీ, అఫిడవిట్ అంటూ తిప్పుతారు.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు, టిఫిన్ చల్లారుతోందట. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ఇడ్లీ ప్లేటుతో సహా నా బల్ల దగ్గరికి రండి. మొదటి వరుసలో చారల చొక్కా బాబూ, నీ రిజిస్ట్రేషన్ ప్రతి ఇలా ఇవ్వు. ఐదు సబ్జెక్టులన్నావు, ఇందులో నాలుగే ఉన్నాయి. మార్చుకునే గడువు ఎప్పటిదాకా ఉందో చూద్దాం.