జామైన బ్రేక్ పిన్ను: మొదటి పట్టులోనే పని

అందరికీ నమస్తే. ఆదివారం పూట షాపులు బంద్ పెట్టుకుని హనుమకొండ దాకా వచ్చిన మెకానిక్ తమ్ముళ్లకు, ఎర్రమట్టి దారుల్లో బండ్లు తోలే పిల్లలకు థ్యాంక్స్. ఈ రోజు నేను మాట్లాడేది ఒక్క చిన్న పిన్ను గురించే. డిస్క్ బ్రేక్ ప్యాడ్‌లు క్యాలిపర్‌లో, అంటే డిస్క్‌ను రెండు వైపులా పట్టుకునే దిమ్మెలో, ఆ పిన్ను మీదే ముందుకీ వెనక్కీ జరుగుతాయి. అది పాడైతే ప్యాడ్ సరిగ్గా జరగదు. బ్రేక్ పట్టాల్సినప్పుడు పట్టదు, వదలాల్సినప్పుడు వదలదు.

నాలుగేళ్ల కింద వానాకాలం చివర్లో ములుగు వైపు నుంచి ఒక పాత హీరో ఇంపల్స్ బైకు వచ్చింది. 2011లో వచ్చిన మోడల్. ముందు చక్రం చేత్తో తిప్పితే సగం చుట్టుకే ఆగుతోంది. ఓనర్ రాత్రికల్లా ఏటూరునాగారం చేరాలని నిలబడే ఉన్నాడు. నేను తొందరపడి జామైన పిన్నుకు ఎలన్ కీ, అదే ఆరు పలకల కడ్డీ, పెట్టి బలంగా తిప్పాను. పిన్ను తలలో కీ దిగే గుంత అరిగి స్లిప్ అయింది. పది నిమిషాల్లో అయ్యే పనికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు ఆ మనిషి బండి లేకుండా ఉన్నాడు. ఆ తప్పు మీరు చేయొద్దనే ఇక్కడ నిలబడ్డాను.

అసలు పిన్ను ఎందుకు పట్టేస్తుంది? క్యాలిపర్ అల్యూమినియం, పిన్ను స్టీలు. ఆ రెండింటి మధ్య తడి చేరితే అల్యూమినియం తినుకుపోయి, సున్నంలాంటి తెల్లపొడి అవుతుంది. పోయిన లోహం కంటే ఆ పొడికి ఎక్కువ చోటు కావాలి. అందుకే మరల్లో బిగుసుకుంటుంది. జంపన్న వాగు దాటిన బండి, నల్లరేగడి బురదలో తిరిగిన బండి కడగకుండా వారం నిలబడితే ఆ మట్టి తడిని పట్టుకునే ఉంటుంది.

ముందు మీ పిన్ను ఏ రకమో చూడండి. కొన్నింటికి మరలు ఉండవు. చిన్న క్లిప్పు తీసి వెనక నుంచి తట్టాలి. మరలున్న వాటిలో చాలావాటికి తల మీద చిన్న మూత స్క్రూ ఉంటుంది, దాని కింద 5 మి.మీ. ఎలన్ గుంత. క్యాలిపర్‌ని ఫోర్క్ నుంచి, అంటే ముందు చక్రాన్ని పట్టే కాళ్ల నుంచి, విప్పక ముందే పిన్ను వదులు చేయాలి. విప్పాక దాన్ని గట్టిగా పట్టుకోవడానికి మీకు ఆధారం ఉండదు.

గుంతలో మట్టిని సూదితో పూర్తిగా తీయండి. అడుగు కనపడాలి. అరిగిన కీ వద్దు, గుండ్రటి మొన ఉన్న కీ అసలు వద్దు. కొత్త బిట్ పెట్టి, సుత్తితో నాలుగైదు సార్లు సూటిగా తట్టండి. ఆ అదురుకే పొడి పగులుతుంది. తుప్పు వదిలే నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. డిస్క్‌ని గుడ్డతో కప్పండి. నూనె తగిలిన ప్యాడ్‌లు మళ్లీ వాడొద్దు.

అయినా కదలకపోతే వేడి. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కాబట్టి పిన్నుకు కాదు, దాని చుట్టూ ఉన్న క్యాలిపర్‌కు వేడి గాలి కొట్టే హాట్ గన్ పట్టండి, నీళ్ల చుక్క చుర్రుమనేంత వరకే. మంట పెట్టాలంటే మాత్రం బ్రేక్ ఫ్లూయిడ్, పిస్టన్లు, రబ్బరు సీళ్లు అన్నీ తీశాకే. ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులను చంపడానికి వాడిన గ్యాస్ అది.

గుంత ఇప్పటికే స్లిప్ అయి ఉంటే, కాస్త పెద్ద టార్క్స్ బిట్ (నక్షత్రం మొన ఉండేది), చాలాసార్లు టి30 సైజు సరిపోతుంది, సుత్తితో దిగగొట్టి తిప్పండి. అదీ కాకపోతే ఖాళీ క్యాలిపర్‌ను వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి తల మీద ఒక నట్టు అతికించండి. ఆ ఇంపల్స్‌ది నాకు అలాగే వచ్చింది. వెల్డింగ్ వేడికే సగం పని అయిపోయింది. విరిగిన స్క్రూలు లాగే ఈజీ అవుట్ జోలికి నేను పోను. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు.

బయటికొచ్చిన పిన్ను మీద గోరు నడపండి. గాడి తగిలితే పారేయండి. ప్యాడ్ ఆ గాడిలోనే ఇరుక్కుంటుంది. కొత్త పిన్ను ఖర్చు క్యాలిపర్ ముందు లెక్కలోకి రాదు. మరలకు యాంటీ సీజ్, అంటే పట్టేయకుండా రాసే పేస్టు, సన్నగా రాయండి, ప్యాడ్‌కు అంటకూడదు. బిగింపు మీ మాన్యువల్ చూసి చేయండి. హోండా మాన్యువల్స్‌లో చాలా బండ్లకు 18 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే కాలితో తొక్కి బిగించే పని కాదు. మూత స్క్రూ మరచిపోవద్దు, నీళ్లను ఆపేది అదే. బండి కదిలించే ముందు లివర్ గట్టిపడే దాకా నొక్కండి. ప్యాడ్‌లు మార్చాక మొదటి నొక్కుకు బ్రేక్ ఉండదు.

ఆ బల్ల మీద మూడు పాత క్యాలిపర్లు పెట్టాను, మూడింటి పిన్నులూ జామ్ అయి ఉన్నాయి. ముందు వరసలో ఉన్న తమ్ముళ్లు రండి, సూది, కొత్త బిట్టు, సుత్తి అక్కడే ఉన్నాయి.