ఫోన్-ఇన్: "మా వాడు ఎవరితోనూ కలవడండీ"

యాంకర్: విరామం తర్వాత మళ్లీ స్వాగతం. ఆటిజం ఉన్న పిల్లల స్కూలు గురించి, అక్కడ పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారన్నదాని గురించి మాట్లాడుకుంటున్నాం. లైన్లో ఒక అమ్మ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: హలో... నమస్తే మేడమ్. వినబడుతోందా?

యాంకర్: వినబడుతోందమ్మా. కాస్త టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించానండి. మేడమ్, మా బాబుకి తొమ్మిదేళ్లు. మూడేళ్ల నుంచి స్పెషల్ స్కూల్లోనే ఉన్నాడు. మాటలు తక్కువ, కావాల్సింది చెయ్యి పట్టుకుని చూపిస్తాడు. చదువు సంగతి అలా ఉంచండి. నా బాధల్లా వాడు ఎవరితోనూ కలవడు. క్లాసులో ఎనిమిది మంది. అందరికీ ఇదే సమస్య కదా, కనీసం ఇక్కడైనా కలుస్తాడనుకున్నా. మొన్న యాన్యువల్ డే పెట్టారు. పిల్లలంతా స్టేజీ మీద ఉన్నారు. వీడేమో కర్టెన్‌లో దూరి, చెవులు మూసుకుని కూర్చున్నాడు. మా అత్తగారు, ఆడపడుచు, అందరూ వచ్చారండి ఆ రోజు. నాకైతే తలకొట్టేసినట్టయింది.

నిపుణురాలు: ఉండండమ్మా, ఒక్కటి చెప్పండి. రిహార్సల్ ఎక్కడ చేయించారు?

కాలర్: క్లాసులోనేనండి. చక్కగా చేసేవాడట. టీచర్ వీడియో కూడా పంపారు.

నిపుణురాలు: ఆ హాలుకి ముందు ఒక్కసారైనా తీసుకెళ్లారా?

కాలర్: లేదండి.

నిపుణురాలు: అదీ సంగతి. రోజూ చూసే గదిలో చేసిన పనిని, ఎన్నడూ చూడని హాల్లో, మైకుల హోరులో, లైట్ల కింద, అంతమంది ముందు చేయమన్నారు. మీ వాడికి డాన్స్ రాక కాదు, ఆ చోటు తెలియక. 1943లో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాశారు. ఆటిజం మీద తొలి పెద్ద వ్యాసాల్లో ఒకటి అది. పెద్ద శబ్దాలకి బెదిరిపోవడం, ఏదీ మారకుండా ఉన్నది ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టడం, రెండూ అప్పుడే రాశారాయన. మనం ఇప్పటికీ దాన్ని మొండితనం అంటున్నాం. నేను ప్రతి ప్రోగ్రాంలో ఇదే చెప్తాను, మళ్లీ చెప్తున్నాను: ముందు చెప్పండి, బొమ్మ వేసి చూపించండి. పట్టి లాగకండి.

కాలర్: సరే మేడమ్. కానీ అసలు వాడు మిగతా పిల్లలతో ఎప్పుడు కలుస్తాడంటారు?

నిపుణురాలు: కలవడం అంటే మీ లెక్కలో ఏంటమ్మా?

కాలర్: అంటే... ఆడుకోవడం. మాట్లాడుకోవడం. ఫ్రెండ్స్ ఉండాలి కదండీ.

నిపుణురాలు: స్కూల్లో వాడు ఎవరి పక్కనైనా ఉంటాడా? ఎవరినైనా వెతుక్కుంటాడా? టీచర్‌ని అడిగారా ఎప్పుడైనా?

కాలర్: వెతుక్కోవడం ఏం లేదండి. ఒక పిచ్చి పని మాత్రం చేస్తాడు. వాళ్ల క్లాసులో ఇంకో బాబున్నాడు, వీడికన్నా ఏడాది పెద్ద. పొద్దున వెళ్లగానే ఆ బాబు బూట్లు తీసుకొచ్చి తన బూట్ల పక్కన పెడతాడు. వేరేవాళ్లవి ముట్టుకోడు. ఆ బాబు రాని రోజు ర్యాక్ దగ్గరే నిలబడతాడట, లోపలికి రాడు. మాన్పించమని టీచర్‌కి చెప్పాను కూడా.

నిపుణురాలు: అయ్యో, అమ్మా! మాన్పించకండి. ఇందాకటి నుంచి మీరు వెతుకుతున్నది అదే కదా! ఎనిమిది మందిలో ఒక్కడి బూట్లే. వాడు రాకపోతే ఎదురుచూపు. స్నేహం ఇంకెలా ఉంటుంది? నోరు తిరిగిన పిల్లాడైతే "వాడొచ్చాడా" అని అడుగుతాడు. వీడు బూట్లు పెట్టి అడుగుతున్నాడు.

కాలర్: (కాసేపు మౌనం) ...అది నాకు తట్టలేదండి.

నిపుణురాలు: తట్టదమ్మా, ఎవరికీ తట్టదు. నేను పిల్లలతో పనిచేయడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇలాంటివి మాన్పించినదాన్నే. ఇప్పుడు ఏం చేయాలో వినండి. ముందు ఆ రెండో బాబుకి ఇది ఇష్టమేనా అని టీచర్ చూడాలి. వాడు చిరాకు పడుతుంటే, బూట్లు వెనక్కి లాక్కుంటుంటే వద్దు. ఇష్టమే అయితే ఇద్దరికీ కలిపి ఒక చిన్న పని ఇప్పించండి. ఒకడు బుట్ట పట్టుకోవాలి, ఇంకొకడు అందులో బంతులు వేయాలి. అయిదు నిమిషాలు చాలు. ఎదురెదురుగా కూర్చోబెట్టి "మాట్లాడుకోండి" అంటే కుదరదు. పక్కపక్కన, చేతిలో ఏదో పని ఉండాలి. బొమ్మల కార్డులు వాడుతున్నారా స్కూల్లో?

కాలర్: వాడుతున్నారండి. నీళ్లకి, బాత్రూంకి కార్డు తెచ్చి ఇస్తాడు.

నిపుణురాలు: మంచిది. 1985లో మొదలైన పద్ధతి అది. బొమ్మ తెచ్చి చేతిలో పెడితే కావాల్సింది ఇస్తారు. అయితే చాలా స్కూళ్లలో పిల్లలు ఆ కార్డు టీచర్‌కే ఇస్తారు, తోటి పిల్లలకి ఇవ్వరు. ఆ బాబు ఫొటోతో ఒక కార్డు చేయించండి. "వాడితో ఆడతాను" అని చెప్పే దారి మీ వాడికి దొరుకుతుంది. వద్దు అనడానికి కూడా ఒక కార్డు ఉండాలి, అది మర్చిపోకండి. వద్దని చెప్పే దారి లేకపోతే పిల్లలు కొరకొచ్చు, గిల్లొచ్చు.

కాలర్: అలాగేనండి. మరి వచ్చే యాన్యువల్ డేకి? వాళ్లందరితో కలుస్తాడంటారా?

నిపుణురాలు: ఇది మూడోసారి అడగడం అమ్మా! (నవ్వు) కలుస్తాడా లేదా అని కాదు, ఆ రోజు వాడికి ఏ పని ఇద్దాం అని అడగండి. కర్టెన్‌లో దూరాడన్నారు కదా, కర్టెన్ తాడు లాగే పని వాడికే ఇవ్వమనండి. నేను హాస్యానికి అనడం లేదు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగైదు సార్లు తీసుకెళ్లి చూపించండి. శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టండి. స్టేజీ వెనక ఒక నిశ్శబ్దమైన గది చూసుకోండి, వాడు ఎప్పుడు వెళ్తానంటే అప్పుడు పంపండి. మీ అత్తగారికి ముందే చెప్పండి, వాడు స్టేజీ ముందు కనిపించడు, తెర తీసేది వాడేనని.

కాలర్: మా అత్తగారు ఒప్పుకోరేమో...

యాంకర్: అమ్మా, ఇంకా చాలామంది లైన్లో ఉన్నారు. థాంక్యూ. తర్వాతి కాలర్.

కాలర్: నమస్కారమండి. మా పాపకి ఆరేళ్లు. స్పెషల్ స్కూల్లో వేద్దామంటే మా ఆవిడ వద్దంటోంది. అందరూ అలాంటి పిల్లలే ఉంటే, వాళ్లని చూసి ఇంకో నాలుగు కొత్త అలవాట్లు నేర్చుకుంటుందని భయం.

నిపుణురాలు: ఈ ప్రశ్న ప్రతి తండ్రీ అడుగుతారు. చూడండి, పిల్లలు చేతులు ఊపడం, ఊగడం ఒకరిని చూసి నేర్చుకున్న వేషాలు కావు. చాలాసార్లు ఒంట్లో టెన్షన్ తగ్గించుకోవడానికి చేసేవి. ఒకరు అరిస్తే ఆ శబ్దానికి ఇంకొకరు అరవొచ్చు, అది నిజం. దానికి మందు గదిని ప్రశాంతంగా ఉంచడం. ఇంకో మాట. 2020లో ఒక పరిశోధన చేశారు, పెద్దవాళ్ల మీద. ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ ఏమీ ఎక్కువ చెడిపోలేదు, ఆటిజం లేనివాళ్ల వరసలో ఎంత నిలిచిందో ఇక్కడా అంతే నిలిచింది. కాబట్టి "అలాంటి పిల్లలు" అనే మాట ముందు మానండి. మామూలు స్కూలా, స్పెషల్ స్కూలా అనేది వేరే ప్రశ్న, పాపని చూడకుండా చెప్పను.

కాలర్: అంటే మామూలు స్కూల్లో కూడా...

నిపుణురాలు: చూడకుండా చెప్పనండి.

యాంకర్: ధన్యవాదాలు. నెక్స్ట్ ఎవరు... హలో?

కాలర్: మేడమ్, నేను ఒక స్పెషల్ స్కూల్లో ఆయాగా చేస్తున్నాను. పొద్దున ప్రేయర్‌కి అందర్నీ ఒకచోట నిలబెట్టమంటారు. ఒక పిల్లాడు రోజూ గేటు వైపు పరిగెడతాడు. నేను పట్టుకుంటే కొడతాడు.

నిపుణురాలు: గేటు ముందు మూసి ఉంచండమ్మా, అది మొదటి సంగతి. తప్పిపోయే పిల్లల విషయంలో ఆలస్యం పనికిరాదు. దగ్గర్లో చెరువు, కాలువ, ట్యాంకు ఏదైనా ఉంటే మరీ జాగ్రత్త. ఆ తర్వాత, వాడు ఎప్పుడు పరిగెడుతున్నాడో చూడండి. మైకు పెట్టగానేనా, వరస కట్టగానేనా?

కాలర్: బెల్లు కొట్టగానేనండి.

నిపుణురాలు: అయితే బెల్లు కొట్టక ముందే వాడిని వరస చివర, గేటుకి దూరంగా నిలబెట్టి, తర్వాత ఏం జరుగుతుందో బొమ్మ చూపించండి. ముందు చెప్పండి, బొమ్మ చూపించండి. బెల్లు బదులు చెయ్యి ఊపి పిలిస్తే ఇంకా మంచిది, మీ హెడ్‌మాస్టర్‌ని అడగండి. మీరు చేస్తున్న పని తేలికైంది కాదమ్మా. పొద్దున్నే దెబ్బలు తిని కూడా ఇలా అడుగుతున్నారంటే...

కాలర్: (నవ్వు) అలవాటైపోయిందండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఒక్క నిమిషమే ఉంది. చివరి కాలర్, త్వరగా.

కాలర్: మేడమ్, మా తమ్ముడికి పద్దెనిమిది నిండుతున్నాయి, ఇక స్కూల్లో ఉంచుకోలేమంటున్నారు. వాడికి తెలిసినవాళ్లంతా అక్కడే...

నిపుణురాలు: అయ్యో, ఇది నిమిషంలో చెప్పేది కాదమ్మా. ఒక్కటి మాత్రం చేయండి. వాడికి దగ్గరైన ఇద్దరు ముగ్గురి ఇళ్ల ఫోన్ నంబర్లు స్కూలు మానకముందే తీసుకోండి. వారానికొక రోజు, అదే రోజు, అదే టైంకి కలిసేలా వాళ్ల ఇళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఒకేసారి...

యాంకర్: సమయం అయిపోయింది మేడమ్. అమ్మా, మీ నంబర్ ఆఫీసులో ఇవ్వండి, మేడమ్ మాట్లాడతారు. ప్రేక్షకులందరికీ నమస్కారం.